నడవనివ్వండి ముందు

నీళ్ళు పోసినా చేమంతి తలెత్తలేదు.
మొదలు పట్టుకుని ఊపితే
మొక్క మొక్కంతా చేతిలోకి వచ్చేసింది.
వేళ్ళు లేవు.
ఇల్లు ఖాళీ చేసి, తాళం మాత్రం వేసి పోయినట్టు
పైన ఆకులు, కింద ఏమీ లేదు.

మేడ మీద కుండీ బోర్లించాను.
నల్లమట్టి ముద్దలో ఏడు తెల్ల పురుగులు,
సున్నా చుట్టబోయి మధ్యలో మానేసినట్టు.
ఇటుకరంగు తలలు, వెనక బూడిదరంగు సంచులు.

ఆ ఎరువు నేను చేసిందే.
మెట్ల కింద, సగానికి కోసిన నీలం డ్రమ్ములో
అరటి దవ్వ, కొబ్బరి పొట్టు,
సూరమ్మగారి పాకలోంచి మోసుకొచ్చిన పేడ.
వానపాములకి ఎండ తగలకుండా తడిగోనె కప్పి
రోజుకి రెండుసార్లు ఎత్తి చూసుకునేదాన్ని.
పేడతోపాటు గుడ్లొచ్చాయని ఎవరికి తెలుసు?

కిరసనాయిలు సీసా మూత తీశాక
ఎందుకో చెయ్యి ఆగింది.
కడియపులంక నర్సరీలో కుండీలు నింపే
నూకరత్నానికి ఫోన్ చేశాను.
"అప్పుడే సంపేయకండి. నడవనివ్వండి ముందు.
గచ్చు మీదెట్టి చూడండి.
ఎల్లకిలా పడి ఈపుతో జరిగేది మంచిదండి, కుళ్ళినాకే తింటది.
బోర్లా పాకేది ఏరు కొరుకుద్ది.
బొటనేలికంటే లావుందా, ఇంక ఆలోచించకండి,
అది కొమ్ము పురుగు."

కొమ్ము పురుగు.
నిరుడు ఎదురింటి దొడ్లో దింపు తీస్తూ
దావీదు చెట్టు మీంచే అన్నాడు:
"ఏ పెంటలో పుట్టిందోనండీ, మొవ్వులో కాపరం ఎట్టింది."
ఇనప కొక్కేనికి గుచ్చి కిందికి విసిరితే
సరిగ్గా మా గేటు ముందే పడింది.
కాగితం మడిచి కత్తిరించినట్టు
ఆ చెట్టు మట్టలు ఇప్పటికీ కోసుకుపోయే విప్పుకుంటాయి.
ఆ రోజు నేను "అయ్యో" అన్నాను.
మెట్ల కింద నా డ్రమ్ము చల్లగా ఉంది.

గచ్చు మీద ఏడింటినీ పెట్టాను.
రెండు తిరగబడి, ఆరేసి కాళ్ళూ ఆకాశానికి చూపిస్తూ
ఎక్కడికో పనున్నట్టు వీపుతో ఈదుకుంటూ పోయాయి.
నవ్వొచ్చింది. వాటిని డ్రమ్ములోకి వదిలాను.
మూడు బోర్లా పాకాయి.
ఒకటి పాకనే లేదు, అంత లావు.
ఆ నాలుగింటినీ దావీదు వాళ్ళ నాటుకోడికి వేశాను.
డబ్బా బోర్లించి నేను తిరిగి చూసేసరికి అయిపోయాయి.

ఏడోది కాసేపు వెల్లకిలా, కాసేపు పక్కకి,
ఎండ తగలగానే చుట్ట చుట్టుకుంది.
కొబ్బరి చిప్పలో కాస్త ఎరువు వేసి దాచాను.
"ఒక్క పురుక్కి ఇంత ఇచారణేటండీ" అంది నూకరత్నం.

రాత్రి ట్యూబులైటుకి ఏదో కొట్టుకుని
బకెట్లో టప్పున పడింది.
టార్చి పట్టుకుని లేచినదాన్ని
బకెట్ దాటి
చిప్ప దగ్గరికే వెళ్ళాను ముందు.
ఉంది. ఎరువు కొద్దిగా కదులుతోంది.
తెల్లారి, ఎండ ముదరకముందే
మళ్ళీ నడిపించి చూడాలి.