సున్నం కొట్టే ముందు

రేపు పురుగుల షెడ్డుకి సున్నం కొడతారు.
బ్లీచింగ్ పొడి మూట గుమ్మం కాడ దించిపోయినాడు
చెంగల్రాయుడు.
పాత జబ్బులు గోడల్లో దాక్కుంటాయంట.

ప్రతి ఏడూ ఉత్తరం గోడ మీద
మూరెడు జాగా వదిలేయమని బతిమాలేదాన్ని.
పోయిన పంటకి సున్నపు జబ్బు తగిలి
పురుగులన్నీ సుద్దముక్కలై బిగుసుకున్నాక
ఇంక నా మాట చెల్లలేదు.

అందుకే టార్చి తీసుకొని వచ్చినా,
పన్నెండు చలికాలాలు
ఒకసారి చదువుకుందామని.

అంతా బొగ్గు రాత.
అంకెలు, గీతలు, ఒక చోట నా అరచెయ్యి.
అది పొరపాటున పడింది.

మొదట పదకొండు అని ఉంది.
ఆ రాత్రి థర్మామీటరు చెడిపోయిందనుకున్నాం.
పొద్దున కొబ్బరినూనె సీసాని ఎండలో పెడితే
సంగటి వేళకి గానీ కరగలే.
మూడో జ్వరం నుంచి లేవడానికి పురుగులకి
రెండు దినాలు ఎక్కువ పట్టింది.
మా అత్త తన కంబళి తెచ్చి తట్టల మీద కప్పి
తాను గోనెపట్ట కప్పుకొని పడుకునింది.
ఎవురూ వద్దనలే. నేను కూడా.

దాని కింద ఉత్త గీతలు. ఇరవై మూడు.
కార్తీకమంతా తుపాను వెనక తుపాను.
తడి ఆకు పెడితే పురుగు చస్తాది.
ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ ఆకు తుడవడానికే అయిపోయి
ఇరవై రెండో దినం పెట్టె తెరిచినా.
పట్టుపురుగు మేతని
నా పెండ్లి పట్టుచీరతో తుడిచినా.
ఎవరి బాకీ ఎవరు తీర్చినట్టో.

ఇంకో ఏడు సున్నా.
చలే రాలేదు. మార్గశిరంలో ఫ్యాను.
మాకు గూళ్ళు గులకరాళ్ళ మాదిరి గట్టిగా పడినాయి.
బంగారుపాళెంలో మా ఆడబిడ్డ తోటలో మాత్రం
చలి తగలక మామిడి పూయలేదు.
పాలమనేరు మార్కెట్లో డబ్బులు లెక్కపెట్టుకొని
కనుమ దిగేలోపల
మొహం మీది నవ్వు తుడుచుకున్నా.

తర్వాత ఒక ఏడు జాగా ఖాళీ.
ఆయన్ని వేలూరు ఆసుపత్రిలో పెట్టుకొని
వరండాలో మూడు నెలలు పడుకున్నా.
చలి ఉండే ఉంటాది.

ఈ ఏడు ఎట్లుంటాదో.
ఎక్కడో సముద్రం చల్లబడిందని
చెంగల్రాయుని కొడుకు సెల్లు చూసి చెప్పినాడు.
దాని పేరు లానినా,
వాళ్ళ భాషలో ఆడపిల్ల అని అర్థమంట.
"ఆడపిల్లొస్తే బొగ్గులు రెండు మూటలు కొనాల్నా,
మూడా?" అని అడిగినా.
అది సెల్లులో లేదన్నాడు.

నాకు తెలిసిన గుర్తులు నాకుండాయి.
చిత్త కార్తె పోకముందే మొగిలి కనుమలో మంచు
లారీల లైట్లని మింగతా ఉంది.
మా ఎనుముకి మెడ కింద వెంట్రుక దట్టమయింది.
చీమలు గుడ్లెత్తుకొని థర్మామీటరు మేకు దాకా ఎక్కినాయి.
నా ఎడమ మోకాలు
నాలుగు దినాలుగా ఏదో చెప్పాలని చూస్తాంది.
చలీ వస్తాది, వానా వస్తాది.
ఏది ముందో, అదే అసలు సంగతి.
అది మోకాలికి కూడా తెలీదు.

గోడని ఫోటో తీస్తానని హేమావతి వచ్చింది.
తీసి చూపించింది.
సగం గోడ, సగం నా నీడ.
చాల్లే అన్నా.

మూడు మూటలే చెప్తా.
మిగిలితే ఇస్త్రీ గంగులయ్యకి అమ్ముకోవచ్చు.

టార్చి ఆర్పినాక ఒకటి గుర్తొచ్చింది.
నాలుగో జ్వరం దాటి ఆకలి మీద లేచిన పురుగులు
అన్నీ ఒకేసారి ఆకు కొరికితే
షెడ్డు నిండా జడివాన చప్పుడు.
పన్నెండేండ్లయినా
ఆ రాత్రి గుమ్మం దాటి వచ్చి
చెయ్యి చాపి చూస్తా.
చెయ్యి పొడిగానే ఉంటాది.

ఆ వానకి మాత్రం
గోడ మీద ఎప్పుడూ గీత పెట్టలేదు.