కసువులో దొరికిన బుడ్డలు

సినిమా ఎట్లుందని నన్నడగొద్దు,
నేను తెర తట్టు సూసింది తక్కువ.
గుంతకల్లు చంద్రకళ టాకీసులో ముప్పై రెండేండ్లు
బెంచీల కింద పరక తోసినదాన్ని.

ఏడుపు సినిమాకు పొట్టంతా ఒక్క చోటే కుప్ప.
ఫైటింగులకు బీడీ ముక్కలు.
నవ్వు సినిమాకు మాత్రం
ఒలవని బుడ్డలు, నిండు బుడ్డలు
రాలి ఉంటాయి.
నవ్వేటోని చెయ్యి పొట్లాన్ని మర్చిపోతుంది.

ఈ లెక్క వన్నూరప్పకు చెప్పింది నేనే.
అప్పటికి వాడు ఇంటర్వెల్లులో బుడ్డలమ్మే పిల్లోడు.
"కింద పోసుకుంటే మళ్లా కొంటారు కదక్కా!"
వాని కండ్లల్లో అప్పుడే ఏదో రీలు తిరిగింది.

ఒకనాడు గంప నా కాడ పెట్టి
టికెట్టు లేకుండా మద్రాసు మెయిలెక్కినాడు.
ఆ గంప ఇంగా ఉంది,
కోడిపిల్లల్ని మూస్తా.

పద్నాలుగేండ్లకు తెర మీద పేరు పడింది, వి. ఆనంద్ అని.
వన్నూరప్ప అనడానికి ఆడ ఎవురికీ నోరు తిరగలేదంట.
పెండ్లికొడుకు తప్పు రైలెక్కుతాడు దాంట్లో,
పెండ్లోళ్లంతా పోయి ఇంకోళ్ల పెండ్లిలో బోంచేస్తారు.
తెల్లారి కసువులో మూడు సేర్ల బుడ్డలు!
ఏయించుకొని ఇంటిల్లిపాదీ వారం తిన్యాం.

అప్పట్నించి సినిమా పడితే కార్లో వస్తాండె.
మేనేజరు కలెక్షన్లు చెప్తాంటే ఇనకుండా
ఎనక దోవన నా కాడికి.
"ఎన్ని దొరికె సుంకులక్కా?"
రెండు సేర్లు.
సేరున్నర.
మళ్లా ఒక యేడు రెండు సేర్లు, ఆ యేడు బిడ్డ పుట్టింది వానికి.
తర్వాత సోలెడు.

చెంప పగలగొడితే నవ్వే కాలమొచ్చె.
కొట్టించడం వానికి చేతకాలేదు.
ఎవురో చెప్తే ఒక సినిమాలో కొట్టించినాడు,
దానికి గిద్దెడు గూడా రాలేదు.

ఆఖరు సినిమా నాడు వాన.
హాల్లో పదకొండు మంది, ఒక కుక్క.
పొద్దున్నే నడిసొచ్చినాడు, గడ్డం నెరిసి,
చేతిలో స్టేషను కాడ కొన్న పొట్లం.
నాకు దొరికింది నాలుగు.
"సేరు నిండింది వన్నూరప్పా" అన్నా.

నా కొంగు ముడి తట్టు సూసినాడు.
నిమ్మకాయంత ముడి.
దాంట్లో సేరు యాడ పట్టల్ల?

నవ్వినాడు సూడు,
పొట్ట పట్టుకొని, దగ్గొచ్చి, బెంచీ మీద కూలబడి.
చేతిలో పొట్లం పోయి
నేనప్పుడే ఊడ్చిన చోటంతా బుడ్డలు.

"నీ యవ్వారం కాల, ఇప్పుడే గదరా ఊడ్చింది" అని
తిట్టుకుంటానే మళ్లా పరక తీసినా.