ఇరవై తొమ్మిదో గంట

అయ్యలారా, అమ్మలారా,
ఈ బల్ల మీద మూడు దీపాలున్నాయి.
పచ్చది వెలిగితే మాట్లాడాలట,
పసుపుపచ్చకి తొందరపడాలట,
ఎర్రదానికి ఆగిపోవాలట.
మూడు నిమిషాలు.
మా డ్రయ్యరు ఒక్క దిండుగలేబు ఆరడానిక్కూడా
ఇంతకంటే ఎక్కువ వ్యవధి ఇస్తుంది.

పేరు డెల్ఫీన్ విలెట్.
లూయిస్టన్‌లో చీకటితోనే బస్సెక్కి
మంచులో ఈ ఆగస్టా దాకా వచ్చాను.
నది పక్కన మా తాతలు నేసిన నూలుమిల్లు ఇప్పుడు లాండ్రీ.
నాలుగు ఆసుపత్రుల మాసిన గుడ్డలు మా దగ్గరికే వస్తాయి.
ఎవరి నెత్తురో, ఎవరి ఉమ్మనీరో,
ఎవరి ఆఖరి చెమటో
పదకొండేళ్ళుగా నా చేతుల మీదుగా తెల్లబడుతున్నాయి.
ఆ దుప్పటి మీద ఒక్క రాత్రి పడుకునే స్తోమతు మాత్రం
నాకు లేదు.

కంగారుపడకండి,
మిమ్మల్ని ఉతికి ఆరేయడానికి రాలేదు.
ఒక లెక్క చెప్పి పోదామని వచ్చాను.

వారానికి ముప్పై గంటలు చేస్తే
కంపెనీ బీమా ఇవ్వాలి.
అందుకని మా వారం ఇరవై తొమ్మిది దగ్గర ఆగుతుంది.
సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు,
గడియారం చూసి, తల దించుకుని
"ఇక ఇంటికెళ్ళు డెల్ఫీన్" అంటాడు.
ఆ ముప్పయ్యో గంట ఎటు పోతుందో
పదకొండేళ్ళుగా వెతుకుతున్నాను.
జేబులన్నీ తిరగేసి చూడటం మా పనిలో భాగమే కదా.
పెన్నులు, జపమాలలు, ఒక కట్టుడుపళ్ళ సెట్టు,
ఒకసారి పెళ్ళి ఉంగరం కూడా దొరికింది.
ఆ గంట దొరకలేదు.

నా పక్క మెషిను మీద హోదాన్.
మణికట్టు వాచి గ్లౌజు ఎక్కడం లేదు.
డాక్టరుకి చూపించావా అంటే
"ముందు మా చిన్నాడి కళ్ళద్దాలు" అని నవ్వుతుంది.
గోరుచుట్టు మీద రోకటిపోటులా
పోయిన నెలే ఆమె ఇంటద్దె పెరిగింది.

పచ్చదే ఉంది ఇంకా. మంచిది.
రొజేర్ సంగతి చెప్పాలి.

రొజేర్ తిబొడో, ఇస్త్రీ యంత్రం దగ్గర మనిషి.
అక్టోబరులో ఒక మంగళవారం
ఎడమచెయ్యి పట్టుకుని బుట్టల మధ్య కూలబడ్డాడు.
నేను ఫోను తీస్తుంటే
నా మణికట్టు పట్టుకుని ఏమన్నాడో తెలుసా?
"అంబులెన్సు వద్దు. దాని బిల్లు కట్టలేను."
గుండె ఆగిపోతున్న మనిషి
బేరమాడుతున్నాడు.
అతని పాత ట్రక్కులో నేనే తీసుకెళ్ళాను.
వంతెన దగ్గర ఎర్రదీపం పడింది.
ఆగాను.

శుక్రవారం ఆ ఆసుపత్రి మూటలు వచ్చాయి.
వాటిలో అతను పోయిన దుప్పటి ఉంది.
ఏదో తెలియదు.
హోదానూ నేనూ ఒక్కొక్కటే విప్పి చూశాం,
పేరేదో రాసి ఉంటుందన్నట్టు.
చివరికి అన్నిటినీ ఒకేలా మడతపెట్టాం,
అంచుకి అంచు కలిపి,
అతను నేర్పినట్టే.

పసుపుపచ్చ.

మీ ముందున్న బిల్లు చదివాను.
నలభై పేజీలు, బస్సులో, వరస వరసకీ వేలు పెట్టి.
ఇరవై గంటలు చేసేవాళ్ళకీ వైద్యం,
జీతాన్ని బట్టి మా వాటా.
అంతే. చందమామనేం అడగలేదు.
రెండుసార్లు దీన్ని అధ్యయన సంఘానికి పంపారు.
మూడోసారి పంపకండి.
అధ్యయనమే కావాలంటే మా లాండ్రీకి రండి,
మాసిన మూట ఎలా విప్పాలో నేర్పిస్తాను.

ఖరీదెక్కువ అంటున్నారు.
ఆ ఖరీదు ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు సార్.
హోదాన్ మణికట్టుతో వాయిదాల్లో కడుతోంది.
రొజేర్ ఒకేసారి కట్టేశాడు.

మీకు ఎప్పుడైనా జబ్బు చేస్తే
(చెయ్యకూడదనే నా కోరిక)
మీ ఒంటి కింద దుప్పటి శుభ్రంగా ఉంటుంది.
ఆ పూచీ నాది.
చెయ్యెత్తి ఓటేసే ముందు
దాని అంచు ఒక్కసారి తడిమి చూసినట్టు

ఎర్రది వెలిగింది.
చూశాను.
ఆ రోజు వంతెన దగ్గర ఆగాను.
ఇంకా ఒక మాట మిగిలింది, కూర్చోండి.