బిల్లు ఎవరి పేరు మీద

సీటీసీ రెండో అంతస్తులో
ఇక్రమ్ భాయ్ నా ల్యాప్‌టాప్‌ను బోర్లా పడుకోబెట్టి
ఒక్కో స్క్రూ విప్పి సీసా మూతలో వేశాడు
"కడుపుబ్బింది మేడం" అన్నాడు
నిజమే, పులిసిన పిండి గిన్నె మూతను ఎత్తినట్టు
బ్యాటరీ లోపలి నుంచి
కీబోర్డును ఎత్తుతోంది

"దినానికి ఎన్ని గంటలు నడుపుతరు?"
లెక్క చెప్పబోయి ఆగిపోయాను
నడిపేది నేనా?

మూడేళ్ళ కిందట కంపెనీ కబురు
ఇంటినుంచే పని, మీ సొంత కంప్యూటరే చాలు
ఎంత దయ అనుకున్నాను
బస్సులో వేలాడటం లేదు
డబ్బాలో చల్లారిన పప్పు లేదు
పద్దెనిమిది వాయిదాలు కట్టిన మిషను
ఇన్నాళ్ళకు నాకు కూలి తెస్తోంది

తర్వాత ఐటీ నుంచి ఫయాజ్ ఫోను
"చిన్న సాఫ్ట్‌వేరే మేడం, అలౌ నొక్కండి"
నొక్కాను
మళ్ళీ అలౌ, మళ్ళీ అలౌ
రిజిస్ట్రారు ఆఫీసులో
చూపించినచోటల్లా వేలిముద్ర వేసినట్టు

అప్పుడు తెర మీది బాణం దానంతటదే కదిలింది
నా చెయ్యి ఒళ్ళోనే ఉంది

మూసాపేటలో, నా వంటింటి బల్ల మీద
కనపడని చెయ్యి ఒకటి
నా ఫోల్డర్ల మధ్య నడుచుకుంటూ పోయింది
కరెంటు బిల్లులు
అలేఖ్య ఏడో తరగతి అగ్నిపర్వతం
డాక్టరు మళ్ళీ తియ్యమన్న స్కానింగు
"తర్వాత" అని నేను పేరుపెట్టుకున్న ఒక ఫోల్డరు

దాని దగ్గర బాణం ఆగింది
ఫయాజ్ మంచివాడు, తెరవలేదు
కానీ నేను ఊపిరి బిగబట్టిన ఆ కాసేపటిని
జీతం చీటీలో ఏ పద్దు కింద వెయ్యాలి?

పొద్దున ఏడింటికి మా బాల్కనీ కింద అడ్డా
తట్టలు, మట్టపు గుండ్లు పట్టుకుని
కూలికి నిలబడతారు
ఎల్లేశు తాపీ ఎల్లేశుదే
పిడికి ఎర్రగుడ్డ చుట్టుకున్నాడు
మేస్త్రీ అతని పొద్దును కొంటాడు గానీ
రాత్రి ఎవరి గోడ మెత్తావని తాపీని అడగడు
సాయంత్రం కడిగి సంచిలో వేసుకుంటే
ఆ ఇనుము మళ్ళీ అతనిది

మా గ్రేస్ సునీల పని మానేసిన రోజు
ఆమె మిషనును దూరం నుంచే తుడిచేశారు
కంపెనీ కాగితాలతో పాటు
చర్చి పిల్లలకు తాను నేర్పిన
పదకొండు క్రిస్మస్‌ల పాటలూ పోయాయి
పొరపాటైందని రాశారు
కింద ఒక గులాబీ బొమ్మ కూడా పెట్టారు

అయినా వాళ్ళ భయం ఉత్తిదే అనలేను
అలేఖ్య ఎక్కడినుంచో ఒక ఆట దించిన రాత్రి
నాకు కన్ను మూతపడలేదు
ముక్కూ మొహం తెలియనివాళ్ళ కిడ్నీ రిపోర్టులు
నెలలు నిండని బిడ్డల ఆసుపత్రి పద్దులు
అన్నీ అదే డబ్బాలో
తుపాకులాటకు ఒక్క గోడ అవతల
ఆ గోడ కూడా ఉందో లేదో
పాపం, వాళ్ళెవరూ నాకు అలౌ నొక్కలేదు

మీ పనికి మీ మిషను పంపండి అని
పృథ్వీధర్ సారుకు రెండుసార్లు రాశాను
మొదటిదానికి బొటనవేలు గుర్తు వచ్చింది
రెండోదానికి అదీ రాలేదు

ఇక్రమ్ భాయ్ ఉబ్బిన బ్యాటరీని
కోడిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో తీశాడు
"ఇది ఇంట్లో పెట్టుకోకండి, అంటుకుంటది"

మూడువేల రెండొందలు
రసీదు పుస్తకంలో కార్బన్ కాగితం సర్ది
తలెత్తకుండానే అడిగాడు
"బిల్లు ఎవరి పేరు మీద రాయాలె?"

నేను ఆగాను
ఆ బాణం ఆగినంతసేపు

అతను పెన్ను మూత తీసి పట్టుకునే ఉన్నాడు