చీలమండలు

మా ఊళ్ళో ఆడవాళ్ళ ముఖాలు నాకు అంత బాగా గుర్తుండవు.
చీలమండలు గుర్తుంటాయి.
ముప్ఫై ఏళ్ళుగా గొంతుక్కూర్చుని
రెండు చేతుల్లో రెండు వెదుళ్ళు పట్టుకుని
తెరవడం, మూయడం,
తెరవడం, మూయడం,
వాటి మధ్య దిగి లేచే పాదాల్నే చూశాను కదా.

సంతలో అల్లం బుట్ట దించుతున్న మనిషిని
వంగి చూసి పలకరిస్తాను:
"రువల్‌ఖూమీ, మీ పందికి జ్వరం తగ్గిందా?"
తలెత్తి నవ్వేది రువల్‌ఖూమీయే.
ఇంతవరకూ ఒక్కసారీ పొరపడలేదు.

చెరావ్ అంటే ఆడేవాళ్ళ ఆట అనుకుంటారు.
పండక్కి వచ్చిన ఫొటోలవాళ్ళు
ఎర్రంచు పువాన్‌లనీ, తలమీది ఈకల కిరీటాలనీ
పట్టుకుపోతారు.
మా అరచేతుల్ని ఎవరూ అడగరు.
అడగనక్కర్లేదు.
చలికాలం, వెన్నెల తరిగే రోజుల్లో నరికిన వెదురు
ఎలా మోగుతుందో, పచ్చిది ఎలా మూలుగుతుందో
వాటికి తెలుసు. చాలు.

మా అక్క కుడి చీలమండ మీద
కందిగింజంత మచ్చ.
లోయలోకి మంచు దిగినట్టు దిగేది.
మూసేసరికి అక్కడ ఉండేది కాదు.

ఆ జూన్‌లో ఆమెకి నొప్పులొచ్చాయి.
సుమో మూడో మలుపు దాకా వెళ్ళింది.
నాలుగో మలుపు లేదు.
మధ్యాహ్నమే కొండ దాన్ని కిందికి తీసుకుపోయింది.
వానలో, హెడ్‌లైట్ల వెలుగులో
బిడ్డ ఇటు వచ్చింది.
అక్క అటు వెళ్ళింది.
ఒకటే వాకిలి. ఒక్కసారే తెరుచుకున్నట్టుంది.

వెదురు పూసి, ఎలుకలు గాదెలు ఊడ్చేసిన ఏడు
పుట్టానని చెప్పుకునే మా అమ్మమ్మ
నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది:
"మన పాతవాళ్ళు కాన్పులో పోయినవాళ్ళ కోసమే
దీన్ని ఆడేవాళ్ళట.
దారి తప్పుతారేమోనని
వెదురు చప్పుడు తోడిచ్చి పంపేవాళ్ళట.
పాస్టరుతో అనకు."
నేను అనలేదు.
చర్చిలో పాటలు పాడి పాతిపెట్టి వచ్చాం.
ఆ రాత్రి పెరట్లో ఒక్కణ్ణే
రెండు వెదుళ్ళు ముందేసుకు కూర్చున్నాను.
ఎంతసేపు కొట్టానో మా కుక్కకి తెలుసు.

ఈ మార్చిలో, చాప్చార్ కుట్‌కి,
నరికిన పోడు వాలంతా ఎండి గలగలమంటూ ఉండగా
ఆమె కూతురు మొదటిసారి వెదుళ్ళ ముందు నిలబడింది.
పద్నాలుగేళ్ళు. థాంగ్‌ఛింగీ.
నేను ముఖం చూడలేదు.
ముందు మచ్చ కోసం చూశాను.
లేదు.
మచ్చ లేదు కానీ,
మడమ ఎత్తబోయే ముందు
ఆ చిన్న ఆగడం ఉంది.

కంచు మోగింది. డోలు అందుకుంది.
మిగతా జతలన్నీ మూసుకున్నాయి.
నాది మూసుకోలేదు.
ఎక్కడ తగులుతుందోనని
చేతులు నా మాట వినకుండా
జానెడు ఎడం ఉంచేశాయి.

పిల్ల పడింది.

దెబ్బ పెద్దదేం కాదు, మోచెయ్యి గీరుకుంది.
కుంటుకుంటూ వచ్చి నా ఎదురుగా
నాలాగే గొంతుక్కూర్చుంది.
"పూ," అంది. మేనమామని మేం అలాగే పిలుస్తాం.
"నేను కళ్ళతో ఆడను.
నీ చప్పుడు విని ఎగురుతాను.
నువ్వు జాలిపడితే
నేనెక్కడ పెట్టను కాలు?"

లేచి, దుమ్ము దులుపుకుని, వెళ్ళి నిలబడింది.

అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాను.
తెరిచాను.
ఈసారి కరుకుగా,
అవతలి గుట్ట మీది ఊరికి కూడా వినపడేలా
మూశాను.

అక్కడ ఎవరూ లేరు.
అప్పటికే అవతల ఉంది,
నవ్వుతూ కాబోలు.
నాకు పాదాలే కదా కనిపిస్తాయి.