తలెత్తకూడదు

పోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు ట్యాలీ క్లర్కుని.
"ఓడ అందం చూడకు, వ్యాగన్లు లెక్కపెట్టు"
అనేవాడు మా పెద్ద గుమాస్తా.
అందుకే కాబోలు, భానోజీ గారు నన్నే పిలిచారు.
"శని ఆదివారాలు పందెం. నేను పైకి చూస్తాను.
నువ్వు కిందికి చూడు. నేనన్నది రాయి."

భీమిలి దాటాక జీడితోటల వెనక పాత రన్‌వే.
శుక్రవారం సాయంత్రమే వెళ్లి గాల్లో ఒక పెట్టె కట్టాం.
కిలోమీటరు పొడుగు, కిలోమీటరు వెడల్పు,
మూలకొకటి నేలమీద తెల్లగుడ్డ, నాలుగేసి ఇటుకలు.
గోడల్లేవు. దాటితే మాత్రం మార్కులు పోతాయి.
మేకల కాపరి వచ్చి నిలబడ్డాడు.
"ఇందల ఏటున్నాది బాబూ?"
"ఆకాశం."
"మరి బయటున్నదేటి?"
ఆ ప్రశ్నకి నా కాగితంలో గడి లేదు.

శనివారం పదకొండు దాకా మబ్బు.
టెంటులో ఉప్మా, టీ, మళ్లీ టీ.
పైలట్లు గడ్డిలో కళ్లు మూసుకుని
అరచేతులే విమానాలుగా తిరుగుతున్నారు.
చెయ్యి బోర్లిస్తే ఒకటి, వెల్లకిలా తిప్పితే ఇంకొకటి,
మధ్యలో పెదాలతో సన్నగా లెక్క.
టీ కుర్రాడు ఈశ్వర్రావు గ్లాసుల ట్రేతో సహా
మడమ మీద గిర్రున ఒక చుట్టు చుట్టాడు.
ఒక్క బొట్టు ఒలకలేదు.
వాడికి ఎవరూ మార్కు వెయ్యలేదు.

ప్రతి విన్యాసమూ పదితో మొదలవుతుంది.
అది నాకు నచ్చింది.
బతుకంతా సున్నా నుంచి పైకి లెక్కపెట్టినవాణ్ణి;
ఇక్కడ ముందే పదీ చేతిలో పెట్టేసి
వంకర దొరికినప్పుడల్లా అర లాక్కుంటారు.
"లూపు, ఏడున్నర. పైన నొక్కుకుపోయింది.
రోలు, ఎనిమిది. ముక్కు వేలాడింది.
తర్వాతది ఆరు. సముద్రపు గాలికి జరిగిపోయాడు."
ముక్కు, భుజం, నిలబడే తీరు—
విమానాల సంగతో పెళ్లిచూపుల సంగతో
ఒక్కోసారి తెలిసేది కాదు.
నాకు అందింది మోత ఒక్కటే.
బరువెక్కితే ఎక్కుతోంది, కూతపెడితే దిగుతోంది.
కాగితం మీంచి ఎప్పుడైనా ఒక నీడ
అడగకుండా దాటిపోయేది.

ఆదివారం మూడింటికి హైమ.
అనకాపల్లి బెల్లం మండీ వారి మనవరాలు,
అరువు తెచ్చుకున్న ఎర్ర విమానం.
"నిలువు ఎక్కు" అన్నారు భానోజీ గారు.
మోత పైకి, ఇంకా పైకి, సన్నగా,
దారంలా—
తెగింది.
జనం నోళ్లు మూతపడ్డాయి.
సరుగుడు తోపు హోరు, రోడ్డు మీద బస్సు హారను.
ఐదో గడిలో నా పెన్సిలు గుచ్చుకుని నిలబడింది.
పోర్టులో ఒక్కసారే తలెత్తాను,
క్రేను తాడు తెగిన రోజు.
చూసినందువల్ల ఎవరూ లేచి రాలేదు.
ఇప్పుడు ఎత్తలేదు.
భానోజీ గారి చెప్పు ఇసకలో కదలడం విన్నాను.
తర్వాత పైనుంచి దగ్గు, ఇంకో దగ్గు,
ఆపైన నిండుగా ఇంజను.

"రాయి" అన్నారు.
"ఎంత?"
చాలాసేపు పలకలేదు.
"గీత ఎటు వాలిందో చూడలేదు సన్యాసీ.
పిల్లని చూశాను."
చూడనిదానికి సగటు వెయ్యమంటుంది నియమం.
'స' అని రాశాను.
అంత గుండ్రంగా ఏ అక్షరమూ నా చేత పడలేదు.

హైమకి మూడో స్థానం, స్టీలు క్యారేజీ.
చీకటి పడేలోగా ఆకాశం మూలలు విప్పి,
మడిచి జీపులో వేశాం. మూడే దొరికాయి.
నాలుగోది పైడమ్మ ఎండేసిన జీడిపిక్కల మీద కప్పుకుంది.
"వోనొచ్చీలాగున్నాది, సోమారం ఇచ్చెత్తాను బాబూ."
సరే అన్నాం.

కోట వీధి చేరేసరికి తొమ్మిది.
"ఎలా ఎగిరాయి?" అడిగింది మా ఆవిడ.
మొత్తాలు చెప్పాను, దశాంశాలతో సహా.
"అది కాదు" అంది.
అన్నం తిని మేడెక్కాను.
మెడ పట్టేసింది.
తల పైకెత్తడానికి
రెండు చేతులూ కావలసి వచ్చాయి.