సహ దరఖాస్తుదారు

కుటుంబ వార్షిక ఆదాయం ఎంత అని అడిగింది గడి.
అమ్మ బొగ్గులు ఊదుతూ లెక్క చెప్పింది:
చొక్కాకి ఎనిమిది, పట్టుచీరకి నలభై,
వానొస్తే ఏమీ లేదు,
అపార్ట్‌మెంటోళ్లు ఊళ్లకు పోయే మే నెలలో సగం,
మూడో అంతస్తు ఆమె ఇంకా ఇవ్వాల్సింది వెయ్యిన్నూట పది,
అది కలపాలా?

గడిలో అంకెలే పడతాయి.
వాన పట్టదు.
తండ్రి వృత్తి అన్నచోట ఒక గీత పెట్టి కిందికి దిగాను.

హొరమావు సర్వీసు రోడ్డు మీద
ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మా బండి.
దానికీ నాకూ ఒకటే వయసు.
నర్సింగు సీటొచ్చిందని చెప్పినప్పుడు
అమ్మ పెట్టె ఆపలేదు, కాలరు తిప్పి
"ఎంతంట?" అంది.

ఆరోజు నుంచీ నేను చదువుతున్నది డబ్బుని.
ఇక్కడి స్కాలర్‌షిప్పు ఇక్కడి కార్డు అడుగుతుంది.
మా కార్డు ములకలచెరువులో ఉంది, మా అవ్వతోపాటు.
అక్కడి స్కాలర్‌షిప్పు అక్కడ చదివితేనే అంటుంది.
మేమేమో మదనపల్లె బస్సులో నిద్రపోయి
సరిహద్దు ఎక్కడ దాటామో చూసుకోనివాళ్లం.
ఏదో కంపెనీ ట్రస్టు ఎనభై ఐదు శాతం కావాలంది.
నాకు ఎనభై నాలుగూ చిల్లర.
ఆ చిల్లర ఎవరికీ అక్కర్లేదు.

మిగిలింది బ్యాంకు.
సైబర్ సెంటరు ముబీనక్క ఒక్కో మాటా మడత విప్పి చూపించింది.
మనం అడిగేపాటి మొత్తానికి తాకట్టు అక్కర్లేదంట.
మారటోరియమంటే, చదువయ్యేదాకా,
ఆపైన ఇంకొన్నాళ్లు, వాయిదా అడగరంట.
అమ్మకి ఈ మాట నచ్చింది.
"అంతవరకూ వడ్డీ పడుకోనుంటాదా?"
పడుకోదమ్మా. కళ్లు మూసుకుంటుంది, లోపల పెరుగుతుంటుంది.
"ఓ, బొగ్గు మాదిరి.
పైన బూడిద, లోపల నిప్పు.
సరే, దాంతో నాకు అలవాటే."

ఆదాయం సర్టిఫికెట్టు చేతికొచ్చేసరికి
రెండు రాత్రి బస్సులు, మూడు 'రేపు రా'లు, ఒక వాన.
నలిగిపోయింది కాగితం.
అమ్మ దాన్ని బండి మీద పరిచి, పైన పొడిగుడ్డ వేసి,
పట్టుకి పెట్టేంత వేడిలో ఒక్కసారి లాగింది.
మడతలు పోయాయి.
తాసీల్దారు ముద్ర మాత్రం కొంచెం గుడ్డకంటింది,
తిరగబడి, ఊదారంగులో.
గుడ్డ మూడొందల రెండో నంబరు వాళ్ల జేబురుమాలు.
వాళ్లకింకా చెప్పలేదు.

బ్యాంకులో చలి. అమ్మ కొంగు నిండా కప్పుకుంది.
సహ దరఖాస్తుదారు ఎవరంటే
నేను అమ్మ వైపు చూశాను, అమ్మ తలుపు వైపు చూసింది.
"బెరళు ఇడి అమ్మా" అన్నాడతను
ఎర్రగా వెలిగే చిన్న గాజుపలక చూపించి.
బొటనవేలు పెట్టింది. ఓబుళమ్మ కాదంది యంత్రం.
చూపుడువేలు. కాదంది.
తుడిచి పెట్టమన్నాడు. తుడిచి పెట్టింది. కాదంది.
పెట్టె కాగిందో లేదో తాకి తాకి చూసి
గీతలన్నీ ఎవరెవరి చొక్కాల్లోకో పోయినట్టున్నాయి.
"నేను నేను కాదంటాంది చూడు" అని నవ్వింది అమ్మ.
నవ్వే చోటు కాదు. వెనక వరస పెరిగింది.
అతను "నాళె..." అంటుండగానే
ఎడమచేతి చిటికెనవేలు పెట్టేసింది.
ఏనాడూ పెట్టెని ముట్టని వేలు,
టీ గ్లాసు పట్టుకున్నా దూరంగా నిలబడే వేలు.
పచ్చదీపం.

ఇంకా మంజూరు కాలేదు. ఫైలు పైకెళ్లిందంట.
రాత్రి ముబీనక్క రాసిచ్చిన చీటీ చదివాను:
కట్టడం మొదలైతే నెలకి ఆరువేల రెండొందలు.
"ఎన్ని చొక్కాలు?"
ఏడొందల డెబ్బై ఐదు. కానీ అప్పటికి నాకు జీతమొస్తుంది గదమ్మా.
అమ్మ ఏమీ అనలేదు.
మూటలోంచి ఆ జేబురుమాలు తీసి
ఊదారంగు మీద సబ్బు రుద్దింది, దీపానికి ఎత్తి చూసింది,
మళ్లీ రుద్దింది.
"పోలా" అంది.